కేస్ స్టడీ: ఓడిన జట్ల చుట్టూ తిరిగి కట్టిన ఒక జాతీయ పిచ్ పోటీ

స్టార్టప్ పిచ్ పోటీల వెనక పని చేయడం నా వృత్తి. పిచ్ అంటే కొత్త కంపెనీ జట్టు తన ఆలోచనను కొద్ది నిమిషాల్లో జ్యూరీకి చెప్పి ఒప్పించడం. దరఖాస్తుల వడపోత, జ్యూరీ ఎంపిక, స్కోర్ షీట్, ఫైనల్ రోజు నిర్వహణ, ఆ తర్వాత జట్ల వెంటపడి వివరాలు రాబట్టడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఇక్కడ రాస్తున్నది ఒక జాతీయ స్థాయి పోటీని మేం తిరిగి కట్టిన సంగతి. ఒప్పందం వల్ల నిర్వాహకుల పేరు, జట్ల పేర్లు, దేశం పేరు చెప్పడం లేదు. చెప్పినా పెద్ద తేడా ఉండదు. ఇలాంటి పోటీలు ఎక్కడైనా ఒకేలా మొదలై ఒకేలా నీరసపడుతుంటాయి.

మా చేతికి వచ్చేసరికి ఆ పోటీ కొన్నేళ్లుగా నడుస్తోంది. పెద్ద హాలు, మంచి లైట్లు, మంత్రిగారి ప్రసంగం, ఐదేసి నిమిషాల పిచ్‌లు, చివర్లో మనిషంత ఎత్తు అట్ట చెక్కు, మర్నాడు పేపర్లో ఫొటో. డబ్బు పెట్టే ప్రభుత్వ శాఖకు కొత్తగా వచ్చిన ఒక అధికారిణి ఫైలు తిరగేసి, "దీనివల్ల దేశానికి ఏం ఒరిగింది?" అని అడిగారు. నిర్వాహకులు విజేతల జాబితా పంపారు. ఆవిడ దాన్ని తిప్పి పంపేశారు. వీళ్లు పోటీ లేకపోయినా ఎదిగేవాళ్లేమో, ఆ సంగతి ఎలా తెలుస్తుంది అన్నది ఆవిడ అభ్యంతరం. ఆ దశలో మమ్మల్ని పిలిచారు.

పాత ఫైళ్లలో దొరికింది

ముందుగా పాత దరఖాస్తుదారులకు ఫోన్లు చేశాం. గెలిచినవాళ్లకే కాదు, మొదటి వడపోతలో పోయినవాళ్లకు కూడా. గెలిచినవాళ్లు హుషారుగా మాట్లాడారు. మిగతావాళ్లలో చాలామందికి తామెందుకు పోయామో తెలియదు. "ఈసారికి మిమ్మల్ని ఎంపిక చేయలేకపోయాం, మీకు మా శుభాకాంక్షలు" అనే మెయిల్ ఒక్కటే వాళ్లకు అందింది. నిజానికి జ్యూరీ సభ్యులు ఒక్కో జట్టు గురించి చాలానే రాసుకున్నారు. ఆ కాగితాలన్నీ ఫైనల్ అయిన రాత్రే చెత్తబుట్టలోకి వెళ్లిపోయాయి. దరఖాస్తులు మాత్రం ఎవరిదో లాప్‌టాప్‌లో జిప్ ఫైలుగా మిగిలాయి.

ఆ జిప్ ఫైలు చదవడమే ఈ కేసులో మలుపు. ఏ రంగంలో ఎవరు ఏం ప్రయత్నిస్తున్నారో, ఎక్కడ ఇరుక్కుపోతున్నారో అంత వివరంగా చెప్పే పత్రం ఆ శాఖ దగ్గర మరొకటి లేదు. ఒకే సమస్య మీద వేర్వేరు ఊళ్లలో పని చేస్తూ ఒకరి సంగతి ఒకరికి తెలియని జట్లు కనిపించాయి. ఒకే రకం ల్యాబ్ సర్టిఫికెట్ దొరక్క ఆగిపోయిన పరికరాలు వరసగా కనిపించాయి. ఇంకో రకం జట్లు కూడా ఉన్నాయి. పోటీ నుంచి పోటీకి తిరుగుతూ బహుమతి డబ్బుతోనే నెట్టుకొచ్చేవాళ్లు. మాలో మేం వీళ్లని "పోటీల కంపెనీలు" అని వేళాకోళం చేస్తాం. స్లైడ్లు అదిరిపోతాయి, కస్టమర్ ఒక్కడూ ఉండడు. తప్పంతా వాళ్లదే అనలేం. డబ్బు వేదిక మీద దొరుకుతుంటే ఎవరైనా వేదిక చుట్టూనే తిరుగుతారు.

దీంతో మాకు ఒక విషయం తేలిపోయింది. ఏ దేశంలోనైనా కొత్త ఆలోచన ఉన్నవాడికి, డబ్బున్నవాడికి, కొనేవాడికి, నిబంధనలు రాసేవాడికి మధ్య మాటలు నడవడం కష్టం. పిచ్ పోటీ ఈ నలుగురినీ ఒక గదిలో కూర్చోబెడుతుంది. అక్కడ పుట్టే సమాచారం ఎవరికి చేరాలో వాళ్లకు చేరితే దేశానికి లాభం, చేరకపోతే అదొక సాయంత్రం కార్యక్రమం. ఆ సమాచారంలో ఎక్కువ భాగం ఓడిన జట్ల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే వచ్చినవాళ్లలో దాదాపు అందరూ ఓడిపోయేవాళ్లే.

జడ్జిలను ఎంతవరకు నమ్మొచ్చు

నిర్వాహకులకు ఇది ఒక పట్టాన మింగుడుపడలేదు. మంచి జడ్జిలను తెస్తే మంచి విజేత వస్తాడు, మంచి విజేత వస్తే దేశానికి మంచిది, ఇంతకన్నా ఏముంది అన్నారు. అప్పుడు నైజీరియా ఉదాహరణ ముందు పెట్టాం.

నైజీరియా ప్రభుత్వం 2011లో యూవిన్ పేరుతో బిజినెస్ ప్లాన్ పోటీ పెట్టింది. మొదటి విడతకు దాదాపు 24,000 దరఖాస్తులొచ్చాయి. వాళ్లలో కొన్ని వేలమందికి ప్లాన్ రాయడంలో శిక్షణ ఇచ్చి, చివరికి 1,200 మందిని విజేతలుగా ప్రకటించారు. ఒక్కొక్కరికి సుమారు 50,000 డాలర్ల గ్రాంట్, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు. ఈ పోటీని ఆర్థికవేత్తలు ఇంతగా పట్టించుకోవడానికి కారణం వేరే ఉంది. అత్యధిక మార్కులు వచ్చినవాళ్లను నేరుగా ఎంపిక చేశాక, మిగతా సెమీఫైనలిస్టుల్లో కొందరిని లాటరీ తీసి ఎంపిక చేశారు. కాబట్టి డబ్బు అందినవాళ్లనీ, అన్ని విధాలా వాళ్లలాగే ఉండి డబ్బు అందనివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ వాళ్లను ఐదేళ్లపాటు గమనించారు. గెలిచినవాళ్లలో కంపెనీ మొదలుపెట్టినవాళ్లు, నిలదొక్కుకున్నవాళ్లు ఎక్కువ. పదిమంది, ఆపైన పనివాళ్లున్న కంపెనీగా ఎదిగే అవకాశం 20 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. మన అధికారిణి అడిగిన ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పే ఆధారం ఈ రంగంలో అరుదు.

నిర్వాహకుల ముఖాలు వెలిగాయి. అప్పుడు కథలో రెండో భాగం చెప్పాం. అదే పోటీ మీద మెకెంజీ, మరో ఆర్థికవేత్త డారియో సాన్సోనె కలిసి మరో పరిశీలన చేశారు. బిజినెస్ ప్లాన్లకు జడ్జిలు వేసిన మార్కులకూ, మూడేళ్ల తర్వాత ఆ కంపెనీలు ఉన్న స్థితికీ పొంతన కనిపించలేదు. మెషీన్ లెర్నింగ్ (పాత వివరాల నుంచి కంప్యూటరే అంచనా నేర్చుకునే పద్ధతి) వాడి చూసినా చెప్పుకోదగ్గ మెరుగు రాలేదు. అంటే డబ్బు పని చేసింది, శిక్షణ పొంది సెమీఫైనల్ దాకా వచ్చినవాళ్లలో ఎదిగే సత్తా ఉంది, కానీ వాళ్లలో ఎవరు ముందుకెళ్తారో ముందే చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

అన్ని చోట్లా ఇంతే అనీ అనలేం. అమెరికాలో 87 పోటీల వివరాలు పరిశీలించిన పరిశోధకురాలు సబ్రీనా హోవెల్, జడ్జిల ర్యాంకుల్లో ఎంతో కొంత సమాచారం ఉందనీ, గెలిచిన జట్లకు ఆ తర్వాత పెట్టుబడి దొరకడం సులువైందనీ చూపించారు. నాకు అందులో ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇంకో సంగతి. కొన్ని పోటీల్లో జట్లకు తమ ర్యాంకు ఎంతో తెలిసేది, కొన్నింటిలో తెలిసేది కాదు. తమ ర్యాంకు తక్కువని తెలిసిన జట్లు ఆ ప్రయత్నాన్ని మానేయడం ఎక్కువగా కనిపించింది. వినడానికి బాధగా ఉన్నా, దేశం వైపు నుంచి చూస్తే ఇది లాభమే. తెలివైన నలుగురు మనుషులు నడవని ఆలోచన మీద ఇంకో రెండేళ్లు పెట్టకుండా వేరే పనికి మళ్లుతారు.

సరదాకి ఇంకో రెండు పేర్లు కూడా చెప్పాం. అమెరికా విశ్వవిద్యాలయం ఎంఐటీలో 1998లో జరిగిన బిజినెస్ ప్లాన్ పోటీలో, వెబ్‌సైట్లను వేగంగా అందించే అకమై కంపెనీ ఫైనల్ దాకా వచ్చి ఓడింది. మరుసటి ఏడాదే స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. 2008లో కొత్త కంపెనీలను పరిచయం చేసే టెక్‌క్రంచ్50 వేదిక మీద, ఆఫీసు ఉద్యోగులు మాట్లాడుకునే నెట్‌వర్క్ యామర్ గెలిచింది, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచే డ్రాప్‌బాక్స్ గెలవలేదు. యామర్‌కూ తక్కువేం జరగలేదు, తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని 120 కోట్ల డాలర్లకు కొంది. కానీ ఆ వేదిక విలువ లెక్కగట్టడానికి విజేత పేరు ఒక్కటే రాసుకుంటే డ్రాప్‌బాక్స్ లెక్కలోకే రాదు.

మార్చినవి

చెక్కు చిన్నదైంది. మిగిల్చిన డబ్బును సెమీఫైనల్ దాకా వచ్చిన జట్లందరికీ కొన్ని వారాల శిక్షణకు మళ్లించాం. దీనికి చిలీ అనుభవం తోడైంది. 2010లో మొదలైన స్టార్టప్ చిలీ కార్యక్రమం విదేశీ, స్వదేశీ ఫౌండర్లకు (కంపెనీ పెట్టినవాళ్లకు) కంపెనీలో వాటా అడగకుండా 40,000 డాలర్ల దాకా ఇచ్చింది, కూర్చుని పని చేసుకోవడానికి చోటూ ఇచ్చింది. వాళ్లలో కొందరిని మాత్రం పిచ్ డే పెట్టి ఎంచుకుని, పక్కన కూర్చోబెట్టి వ్యాపారం నేర్పింది. పరిశోధకులు చూసేసరికి ఆ శిక్షణ కూడా అందినవాళ్ల కంపెనీలు బాగా ముందుకెళ్లాయి. డబ్బు, చోటు మాత్రమే అందినవాళ్ల విషయంలో ఫలితం కనబడలేదు. నైజీరియాలో డబ్బు పనిచేసింది కదా అంటారేమో. అక్కడ అది శిక్షణ తర్వాత వచ్చిన డబ్బు, పైగా చాలా పెద్ద మొత్తం. చిన్న చెక్కు ఒంటరిగా ఏం చేయగలదో నాకైతే అనుమానమే.

అన్నిటికన్నా ఎక్కువ పెనుగులాట స్కోర్ షీట్ దగ్గర జరిగింది. పాత షీట్లో ఐదు గళ్లుండేవి: ఆలోచన, మార్కెట్, జట్టు, ప్రెజెంటేషన్, సమాజంపై ప్రభావం. ఒక్కోదానికి పది మార్కులు. ఇంగ్లీషు బాగా వచ్చి, మైకు భయం లేనివాళ్లు ప్రెజెంటేషన్ గడిలో సంపాదించే మార్కులతోనే గట్టెక్కేవాళ్లు. ఆ గడి తీసేశాం. మిగతా ప్రతి గడి పక్కన "ఏ ఆధారం చూసి ఈ మార్కు వేశారు?" అని ఒక ఖాళీ పెట్టాం. అది నింపకపోతే సాఫ్ట్‌వేర్ మార్కు తీసుకోదు. చర్చ మొదలుకాకముందే అందరి మార్కులూ లాక్ అయిపోతాయి. ఈ చివరిది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ జ్యూరీ గది స్వభావమే మారిపోయింది. అంతకుముందు వయసులో పెద్దాయన గొంతు సవరించుకుని "నాకు ఫలానా జట్టు నచ్చిందండీ" అంటే మిగతావాళ్ల పెన్సిళ్లు అటే కదిలేవి. ఒక సీనియర్ ఇన్వెస్టర్ ఆధారం గడి చూసి, "నేనేమైనా పరీక్ష రాస్తున్నానా?" అని విసుక్కున్నారు. ఆయన రాసిన ఆధారాలే అందరికన్నా పనికొచ్చాయి.

ప్రశ్నల మీద కూడా చేయి వేయాల్సొచ్చింది. 2010 నుంచి 2016 దాకా న్యూయార్క్‌లో జరిగిన టెక్‌క్రంచ్ డిస్రప్ట్ అనే పిచ్ పోటీ ప్రశ్నోత్తరాలను పరిశోధకురాలు డానా కాంజె, ఆమె సహపరిశోధకులు విడగొట్టి చూశారు. మగ ఫౌండర్లకు వేసిన ప్రశ్నల్లో 67 శాతం "ఎంత ఎదుగుతారు, ఎలా గెలుస్తారు" తరహావి. ఆడవాళ్లకు వేసినవాటిలో 66 శాతం "నష్టం రాకుండా ఎలా చూసుకుంటారు" తరహావి. మొదటి రకం ప్రశ్న వచ్చినవాళ్లకు పెట్టుబడి చాలా రెట్లు ఎక్కువ దొరికింది. 2014లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఒకే పిచ్‌ను మగ గొంతుతో, ఆడ గొంతుతో వినిపిస్తే 68 శాతం మంది మగ గొంతు పిచ్‌నే ఎంచుకున్నారు. పక్షపాతం గురించి జ్యూరీకి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదని నా నమ్మకం. అందుకే ఏర్పాటే మార్చాం. మొదటి వడపోతలో వీడియో లేదు, పేర్లు లేవు, కాగితం మాత్రమే. ఫైనల్లో ప్రతి జట్టుకూ ఎదుగుదల మీద ఒక ప్రశ్న, రిస్కు మీద ఒక ప్రశ్న తప్పనిసరి. ఆ రెండూ అయ్యాకే ఇష్టమొచ్చినవి.

జ్యూరీలో పేరున్న వ్యక్తులను తగ్గించి కొనుగోళ్లు చూసేవాళ్లను తెచ్చాం. ఆస్పత్రుల పర్చేజ్ మేనేజర్లు, ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ హెడ్లు, రవాణా సంస్థల వాళ్లు. టీవీ కెమెరాలు వీళ్ల కోసం రావు. అందుకే స్పాన్సర్ ఒకరు తప్పుకున్నారు కూడా.

ఒక జట్టును దగ్గరగా చూస్తే

ఈ మార్పులన్నీ కలిసి ఎలా పనిచేశాయో చెప్పడానికి సెమీఫైనల్లో ఓడిన ఒక జట్టు చాలు. వాళ్లది వ్యాక్సిన్ పెట్టెల్లో పెట్టే చిన్న పరికరం. చాలా వ్యాక్సిన్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. దారిలో వేడి తగిలితే బయటికి ఏ తేడా కనిపించదు, మందు మాత్రం పనికిరాకుండా పోతుంది. ఈ పరికరం ఉష్ణోగ్రత నమోదు చేసుకుంటూ వెళ్లి, సిగ్నల్ దొరికిన చోట వివరాలు పంపుతుంది. యాప్ చాలా అందంగా చేశారు. ఎవరు కొంటారు అంటే, ఆరోగ్య శాఖ అన్నారు.

జ్యూరీలో రవాణా సంస్థ మేనేజర్ ఒకాయన ఉన్నారు. "పెట్టె పాడైందని మీ పరికరం చెప్పిందనుకోండి. ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది?" అని అడిగారు.

"ఆరోగ్య శాఖ ఖాతాలోనే కదండీ."

"కాదండీ. కాంట్రాక్టు ప్రకారం మా ఖాతాలో పడుతుంది. అంటే మీ డబ్బా నా లారీలో కూర్చుని నా మీదే సాక్ష్యం చెబుతుంది. దాన్ని నా డ్రైవర్ జాగ్రత్తగా ఎందుకు చూసుకుంటాడు?"

జట్టు తరఫున మాట్లాడుతున్న అమ్మాయి కాసేపు ఆగింది. తర్వాత, "పెట్టె మీ చేతికి వచ్చేటప్పటికే వేడెక్కి ఉంటే?" అని ఎదురు ప్రశ్న వేసింది. మేనేజర్ ఏమీ అనలేదు, షీట్ మీద ఏదో రాసుకున్నారు. సమయం అయిపోయింది.

పాత పద్ధతిలో అయితే కథ అక్కడితో సరి. ఇప్పుడు ఓడిన ప్రతి జట్టుకూ జ్యూరీ ఆధారాల గడులను కూర్చి ఒక పేజీ ఉత్తరం వెళ్తుంది. రాసినవాళ్ల పేర్లుండవు, మాటలు యథాతథంగా ఉంటాయి. ఈ జట్టుకు వెళ్లిన ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం: "పెట్టె చేతులు మారే క్షణంలో ఉష్ణోగ్రత ఎంతో ఇద్దరూ సంతకం పెట్టి ఒప్పుకునే ఏర్పాటు ఉంటే, దీన్ని రవాణా సంస్థే కొనుక్కుంటుంది." రాసింది ఎవరో వాళ్లకు అర్థమయ్యే ఉంటుంది. ఫలితాలు వచ్చేదాకా జ్యూరీ సభ్యులు జట్లతో వ్యాపారం మాట్లాడకూడదన్నది మా నియమం. ఫలితాలొచ్చాక ఆ మేనేజర్ సంస్థలోనే ఒక రూట్లో పైలట్ (చిన్న స్థాయి ప్రయోగం) మొదలైంది. అందమైన యాప్ పక్కకు పోయింది. దాని స్థానంలో అప్పగింత రసీదు ప్రింట్ చేసే ఏర్పాటు వచ్చింది. పైలట్ బాగానే నడిచింది. తర్వాత పరికరానికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్, అంటే అది కొలిచేది సరైనదేనని ల్యాబ్ ఇచ్చే పత్రం, కావాల్సొచ్చింది. అక్కడ ఆగిపోయారు.

శాఖకు వెళ్లిన పత్రం

పాత జిప్ ఫైలులో ఇలాగే ఆగిపోయిన పరికరాల గురించి ముందే చెప్పాను. ఈసారి దరఖాస్తులోనే ఒక ప్రశ్న చేర్చాం: "మీ పని ఇప్పుడు దేని దగ్గర ఆగింది?" డబ్బు అని రాస్తే సరిపోదు, ఇంకేదైనా చెప్పాలి. వచ్చిన జవాబులన్నీ ఒకచోట పేర్చితే మూడు విషయాలు పదేపదే కనిపించాయి. టెస్టింగ్ ల్యాబ్‌లో చిన్న కంపెనీలకు తేదీలు దొరకవు. విదేశాల నుంచి తెప్పించుకునే శాంపిల్ విడిభాగాలు కస్టమ్స్‌లో నిలిచిపోతాయి. ప్రభుత్వ టెండరు వేయాలంటే గడిచిన ఏళ్ల టర్నోవర్ చూపించాలి, నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీకి అది ఎక్కడిది?

వీటిని జట్ల అనుమతితో, పేర్లు లేకుండా, ఒక చిన్న పత్రంగా శాఖకు ఇచ్చాం. టెండరు సంగతిలో దారి ఉందని చెప్పడానికి భారత్ ఉదాహరణ జోడించాం. అక్కడ 2016లో స్టార్టప్ ఇండియా మొదలైనప్పుడు, ప్రభుత్వ కొనుగోళ్లలో పాత టర్నోవర్, పాత అనుభవం షరతులను నాణ్యత తగ్గకుండా స్టార్టప్‌లకు సడలించారు. మన అధికారిణికి ఈ పత్రం బాగా నచ్చింది. పోటీ మీద పెట్టిన ఖర్చుకు ఆవిడ ఇప్పుడు చూపించే మొదటి కాగితం అదే. ల్యాబ్ తేదీల విషయం కదిలింది, చిన్న కంపెనీలకు కొన్ని రోజులు కేటాయించారు. కస్టమ్స్ వేరే శాఖ కిందికి వస్తుందన్నారు. టెండరు షరతు ఫైలు ఇంకా తిరుగుతోంది.

ఇన్వెస్టర్లు ఈ పత్రాన్ని ఎగబడి చదవడం మేం ఊహించనిది. ఏ రంగంలో ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవడానికి వాళ్లకూ ఇంకో దారి లేదట.

కుదరనివి

ఉత్తరాలు అందరూ ఆదరంగా తీసుకోలేదు. కొందరు కోపంతో పెద్ద పెద్ద మెయిళ్లు పెట్టారు. జ్యూరీకి టెక్నాలజీ అర్థం కాలేదన్నారు, ఒకటి రెండు చోట్ల అది నిజమే. ఆలోచన దొంగిలిస్తారన్న భయంతో దరఖాస్తులో అసలు సంగతి రాయనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోటీల కంపెనీలు తగ్గాయి గానీ పోలేదు, ఆధారం గడిని ఎలా నింపించుకోవాలో వాళ్లు త్వరగానే నేర్చుకుంటారు. జ్యూరీ సభ్యులకు పని పెరిగింది. ఉచితంగా ఇంత పని చేయమనడం న్యాయం కాదని ఇప్పుడు రోజుకింతని ఇస్తున్నాం. దానికి ఆడిట్ వాళ్లు అభ్యంతరం చెప్పారు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు, ఐదు నిమిషాల పిచ్‌లో ఒదగని ఆవిష్కరణలు. మందులు, కొత్త పదార్థాలు, భారీ యంత్రాలు చేసేవాళ్లు ఈ పోటీలో ఎప్పుడూ వెనకబడతారు. యాప్ చేసినవాడు డెమో చూపిస్తాడు, కొత్త బ్యాటరీ చేసేవాడు గ్రాఫ్ చూపిస్తాడు. ఇక్కడ పిచ్ అనే పద్ధతే పనికిరాదనుకుంటున్నాను. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2004లో డ్రైవర్ లేని బండ్లకు ఎడారిలో పందెం పెట్టింది. సుమారు 150 మైళ్ల దారిలో ఏ బండీ 8 మైళ్లు కూడా వెళ్లలేదు. బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. మరుసటి ఏడాది మళ్లీ పెడితే ఐదు బండ్లు గమ్యం చేరాయి. 20 లక్షల డాలర్లు గెలిచిన స్టాన్‌ఫర్డ్ జట్టును నడిపించిన సెబాస్టియన్ త్రున్ తర్వాత గూగుల్ సొంతంగా నడిచే కార్ల ప్రాజెక్టు మొదలుపెట్టారు. అక్కడ ఎవరూ స్లైడ్లు వేయలేదు. జట్లు ఒకరి బండి ఎక్కడ ఆగిందో ఒకరు చూసుకుని నేర్చుకున్నాయి.

వచ్చే విడత నుంచి హార్డ్‌వేర్ జట్లకు వేరే దారి పెట్టాలని ప్రతిపాదించాం. వేదిక ఉండదు, మంత్రిగారు ఉండరు. ఒక ల్యాబ్, ముందే ప్రకటించిన పరీక్ష, ఆ రోజు వచ్చిన రీడింగులు. రీడింగులన్నీ, ఫెయిలైనవాటితో సహా, అందరికీ తెరిచి పెట్టాలన్నది మా షరతు. శాఖ ఒప్పుకుంది. జట్లలో కొందరు ఇంకా ఒప్పుకోలేదు, వాళ్లతో మాటలు నడుస్తున్నాయి.